చిత్తరువు మీది పేరు



నేటి ప్రసంగమున ఒక చిన్న చిత్తరువు చరిత్రను మీకు విన్నవింపదలచితిని. అది జానెడు పొడవునకు కొంచెము మించిన కాగితము. అందు నడుమ ఒక సరస్సు, చుట్టును కొండలు, ఒడ్డున నాలుగు చెట్లు, పైన మబ్బు పట్టిన ఆకాశము. రంగులు రెండే: నీలము, బూడిదవన్నె. శ్రావణమాసమున భద్రాచలమునకు దిగువను, పాపికొండల నడుమ గోదావరి మీదికి మబ్బు దిగినపుడు కొండలు ఒకదాని వెనుక నొకటి నీలమై, బూడిదయై, తుదకు ఆకాశములో కలిసిపోవుట మీలో చూడనివారుండరు. ఆ చిత్తరువులోని కొండలును అట్టివే. అవి ఇటలీ దేశమున రోమా నగర సమీపమున నున్న కొండలు.

ఇట్టి నీటిరంగుల చిత్తరువులు ఇంగ్లండు దేశపు చిత్రశాలలలో వందలకొలది కలవు. ఒకదాని కథ చెప్పిన అన్నిటి కథయు చెప్పినట్లే. వీని క్రింద చిరకాలము ఒక్కటే పేరు వ్రాయబడి యుండెను: టర్నరు. ఆంగ్లేయ చిత్రకారులలో అంతటివాడు లేడని ఆ దేశమువారు చెప్పుకొను పేరది. నేడు ఆ చిత్తరువుల క్రింద ఒక పేరు గాక మూడు పేరులు కనబడుచున్నవి. కాగితము మాఱలేదు, రంగు మాఱలేదు. పేరు మాత్రము మాఱినది. ఎందుచేత మాఱినది? మాఱుట న్యాయమేనా? ఇది యీనాటి విచారణ.

గోదావరి యొడ్డున, అడవి యంచున నివసించు మనకు ఈ విచారణతో పనియేమని మీ రడుగవచ్చును. ఇది మనకు క్రొత్త విచారణ కాదని నా మనవి. రంగనాథ రామాయణమని మనము పిలుచు గ్రంథమును విప్పి చూచిన, తండ్రియైన విఠ్ఠలుని పేర తాను రచించితినని గోన బుద్ధారెడ్డి చెప్పుకొనుట కనబడును. పేరు రంగనాథునిది, వ్రాత బుద్ధారెడ్డిది. క్రీడాభిరామమున కర్తగా వినుకొండ వల్లభరాయని పేరున్నది. అయినను వేటూరి ప్రభాకరశాస్త్రిగారు శైలిని పరిశీలించి, అది శ్రీనాథుని రచనయే యని వాదించిరి. కాదనిన పండితులును కలరు. ఇక చాటుపద్యముల సంగతి చెప్పనక్కఱలేదు. పద్యము కొంచెము కొంటెగా నున్న శ్రీనాథునిది, చమత్కారముగా నున్న తెనాలి రామకృష్ణునిది, నీతి చెప్పిన వేమనది! పేరు గొప్పదైన కొలది దాని చుట్టు ఇతరుల సొమ్ము చేరుచుండును. బెల్లమున్నచోటికి చీమలు చేరుట వంటి దిది. చిత్తరువుల లోకమునను ఇదియే జరిగినది.

టర్నరు 1775వ సంవత్సరమున లండను నగరమున ఒక మంగలి యింట జన్మించెను. ఆ సంవత్సరముననే, ఆ నగరముననే, కుంచెలు చేసి యమ్ముకొను నొకని యింట థామస్ గర్టిను జన్మించెను. ఇద్దఱును సామాన్యుల బిడ్డలు. ఇద్దఱికిని బాల్యమునుండి చిత్రలేఖనమే జీవనము. గర్టిను 14వ ఏట ఎడ్వర్డు డేయ్సు అను చిత్రకారునికడ శిష్యుడుగా చేరెను. 1802వ సంవత్సరమున టర్నరు ఆ దేశపు రాజకీయ చిత్రకళాపరిషత్తులో పూర్తి సభ్యుడాయెను. అదే సంవత్సరము నవంబరు మాసమున గర్టిను 27 ఏండ్లకే కాలధర్మము నొందెను. టర్నరు 76 ఏండ్లు బ్రతికి 1851లో మరణించి, సెయింటు పాలు అను మహాదేవాలయమున సమాధి గావింపబడెను. గర్టిను బ్రతికి యుండిన తనకు కూడు పుట్టెడిది కాదని టర్నరు అనినట్లొక ఐతిహ్యము కలదు. అన్నాడో లేదో గాని, ఆ మాట యిన్నాళ్లు నిలిచినదనిన గర్టిను యెట్టివాడో తెలియుచున్నది.

ఇట నీటిరంగుల పని యెట్టిదో రెండు మాటలు చెప్పవలెను. రంగురాయిని గాని, మన్నును గాని, ఆకు పసరును గాని మెత్తగా నూఱి తుమ్మజిగురుతో కలిపి బిళ్లలుగా చేయుదురు. ఆ బిళ్లను తడి కుంచెతో తాకి కాగితముపై పూయుదురు. రంగు పలుచనై కాగితపు తెలుపు దానిగుండ కనబడును. ఆ తెలుపే చిత్తరువునకు వెలుగు. తైలవర్ణ చిత్రమున తప్పు చేసిన దానిపై మఱొక పూత పూసి కప్పవచ్చును. నీటిరంగులలో ఒకసారి పడిన పూత దాదాపు పడినట్లే. కావున ముందుగా సీసపుకడ్డితో సన్నని రేఖలు గీసికొని, పిమ్మట పూతలు పూయుట ఆకాలపు పద్ధతి. రేఖ యొకటి, పూత యొకటి: ఈ రెంటిని మీరు జ్ఞప్తియందుంచుకొనుడు. మన కథ యంతయు ఈ రెంటి నడుమనే యున్నది.

లండనులో థేమ్సు నది కెదురుగా అడెల్ఫీ అను వీధిలో డాక్టరు థామస్ మన్రో యను వైద్యు డుండెను. ఈతడు మన దత్తమండలములలో రైతులు నేటికిని తలచుకొను సర్ థామస్ మన్రో దొర కాడు. పేరులు వినుటకు ఒక్కటైనంత మాత్రమున మనుష్యులు ఒక్కటి గారు. ఈనాటి కథకు ఇదియు నొక హెచ్చరికయే. ఈ డాక్టరు మతి చలించినవారికి చికిత్స చేయు బెత్లెము ఆసుపత్రికి వైద్యుడు, చిత్రములనిన ప్రాణమిచ్చువాడు. ఆతని చికిత్సలోనికి 1794లో జాన్ రాబర్టు కోజెన్సు అను చిత్రకారుడు మతి చలించి వచ్చెను. కోజెన్సు రెండుమాఱులు స్విట్జర్లాండు, ఇటలీ దేశములకు పోయి, ఆ కొండలను, ఆల్బనో, నెమి మొదలగు సరస్సులను కన్నులార చూచి కాగితముపై నిలిపినవాడు. ఆతడు మఱల కోలుకొనలేదు, 1797లో మరణించెను.

కోజెన్సు గీసిన రేఖాచిత్రములు, సగము మిగిలిన చిత్తరువులు మన్రోకు దొరకినవి. వానిని చూచి ప్రతులు వ్రాయుటకై ఆతడు యువకులను తన యింటికి పిలుచుకొనెను. వారిలో టర్నరు, గర్టిను ముఖ్యులు. అప్పటికి వారికి 19 ఏండ్లు. వారు ఇటలీని చూచినవారు గారు. ఒక్కొక్క బల్లకు ఇటునటు ఇద్దఱు కూర్చుండి, నడుమ నొక దీపము పెట్టుకొని పనిచేసెడివారని చెప్పుదురు. మన పూర్వులు తాళపత్రగ్రంథములకు ప్రతులు వ్రాయించిన తీరు మీకు తెలియును గదా! వ్రాయసగాడు కూలి పుచ్చుకొని యొకరి కావ్యమునకు ప్రతి తీయును. మన్రో యింట జరిగినదియు దాదాపు అట్టిదే. భేదమేమనగా, ఇచట వ్రాయసగాండ్రిద్దఱును ముందు ముందు మహాకవులు గాదగినవారు!

ఆ పని యెట్లు సాగినదో తెలిపెడి సాక్ష్య మొకటి కలదు. జోసెఫ్ ఫారింగ్‌టను అను చిత్రకారుడు ప్రతిదినమును దినచర్య వ్రాసికొనెడివాడు. 1798వ సంవత్సరము నవంబరు 12వ తేదీని ఆతడు వ్రాసికొనిన సంగతి యిది: టర్నరు, గర్టిను తనతో చెప్పిరట, తాము మూడేండ్లు సాయంకాలములందు డాక్టరు మన్రో యింట బొమ్మలు వ్రాసితిమని, ఆఱు గంటలకు పోయి పది గంటలవరకు నుండెడివారమని, గర్టిను రేఖలు గీసెడివాడని, టర్నరు పూతలు పూసెడివాడని, ఎక్కువగా కోజెన్సు రేఖాచిత్రములకే ప్రతులు తీసితిమని. టర్నరునకు రాత్రికి మూడు షిల్లింగుల ఆఱు పెన్నీలు ముట్టెడివి. గర్టిను తనకేమి ముట్టెనో చెప్పలేదు.

ఇప్పుడు ఆ సరస్సు చిత్తరువును మఱల చూడుడు. ఆ కొండలను చూచిన కన్ను కోజెన్సుది. రేఖ గీసిన చేయి గర్టినుది. పూత పూసిన చేయి టర్నరుది. కాగితము, కూలి, దీపము మన్రోవి. నలుగురి పాలున్న సొత్తది. మఱి నూఱేండ్లకు పైగా దాని క్రింద ఒక్క టర్నరు పేరే యేల నిలిచెను?

దీనికి కారణము నేరము గాదు, మోసము గాదు. కాగితములు ఎవరియింట దొరకినవో ఆ యింటివాని పేర నమోదగుటయే కారణము. 1833లో మన్రో మరణించెను. ఆతడు కూడబెట్టిన చిత్తరువులన్నియు వేలమునకు వచ్చినవి. అప్పటికి టర్నరు ధనవంతుడు, 58 ఏండ్లవాడు. ఆ వేలములో ఈ చిత్తరువులను ఆతడే అనేకము కొని తన యింట పెట్టుకొనెను. ఎందులకు కొనెనో ఎవరికిని చెప్పలేదు. యౌవనమున దీపము ముందు గర్టినుతో కూర్చుండిన రాత్రులను తలచుకొని కొనెనని నాకు తోచును. ఇది నా యూహ మాత్రమే.

టర్నరు మరణించిన పిమ్మట ఆతని మరణశాసనముపై బంధువులు వ్యాజ్యెము వేసిరి. 1856లో న్యాయస్థానము తీర్పు చెప్పినది. టర్నరు స్వహస్తముతో చేసిన చిత్రములన్నియు జాతికి చెందవలెను. తక్కిన ధనములో అధికభాగము బంధువులకు పోవలెను. అంతట ఆతని యింటిలోని కట్టలన్నియు విప్పిరి. అందు వేలకొలది కాగితములు. జాన్ రస్కిను అను గొప్ప విమర్శకుడు 1857లో వానిని సర్దుటకు పూనుకొనెను. మన్రో వేలములో టర్నరు కొనిన కాగితములును ఆ కట్టలలో నున్నవి. అవియు జాతీయ చిత్రశాలకే చేరినవి. 1909లో ఎ. జె. ఫిన్‌బర్గు అను పండితుడు ఆ యాస్తికంతటికి రెండు సంపుటముల పట్టికను ప్రచురించినపుడు అవి యందును చేరియే యున్నవి. టర్నరు ఆస్తిలో దొరకినది టర్నరుదే యని లోకమనుకొనుటలో వింత యేమున్నది? పెద్దల పెట్టెలో దొరకిన తాటాకుల పుస్తకమును మన తాతగారు రచించినదే యని చెప్పుకొను ఇండ్లు మనలో లేవా? తాతగారు కొనియుండవచ్చును, ప్రతి తీసియుండవచ్చును, ఎవరో దాచుమని యిచ్చియుండవచ్చును. పెట్టె యాజమాన్యమునకు సాక్షి గాని కర్తృత్వమునకు సాక్షి కాదు.

ఇక ఈ ముడిని విప్పిన తీరు వినుడు. మన తర్కశాస్త్రము ప్రమాణములను చెప్పినది: ప్రత్యక్షము, అనుమానము, శబ్దము. ఆప్తుని వాక్యము శబ్దప్రమాణము. పొగను చూచి నిప్పు నెఱుగుట అనుమానప్రమాణము. కంటితో చూచుట ప్రత్యక్షము. విదేశములందలి చిత్రపరీక్షకులు ఈ పేరులు చెప్పకపోయినను, వారు నడచినది ఈ మూడు దారులనే.

ఫారింగ్‌టను దినచర్య శబ్దప్రమాణము. అది చిరకాలము ఒక యింట మూలబడి యుండి 1921లో బయటపడినది. 1922 మొదలు గ్రంథరూపమున వెలువడినది. వ్రాసినవాడు స్వయముగా చిత్రకారుడు. సంగతి చెప్పినవారు పనిచేసినవారే. చెప్పినది పని ముగిసిన కొలదికాలమునకే. ఇంతకు మించిన ఆప్తవాక్యము దొరకుట అరుదు. అయినను ఒక్క వాక్యముచేత వందల కాగితములకు తీర్పు చెప్పరాదు గదా!

రెండవది ప్రత్యక్షము. పూత క్రింద సీసపుకడ్డి రేఖ కనబడుచునే యుండును. ఆ రేఖను గర్టిను నిశ్చయముగా సంతకము చేసిన యితర చిత్తరువుల రేఖతో పోల్చి చూచిరి. ఒక్కొక్కని రేఖ యొక్కొక్క తీరున నడచును. కొందఱు గీతను సాగదీయుదురు. కొందఱు తునుకలు తునుకలుగా తెంపి, నడుమ చుక్కలు, చిన్న కొక్కెములు పెట్టుదురు. కరణము దస్తూరిని చూచి కవిలెలోని యే పుట ఎవరు వ్రాసినదో మీలో పెద్దవారు చెప్పగలిగెడివారు. చిత్రకారుని రేఖయు దస్తూరియే.

మూడవది అనుమానము. కాగితమును వెలుగునకు పట్టి చూచిన లోపల నీటిగుర్తు కనబడును. ఆ దేశపు కాగితపు మిల్లుల వారు 1794 మొదలు ఆ గుర్తులో సంవత్సరమును గూడ తఱచుగా వేయుచుండిరి. 1794 అని గుర్తున్న కాగితముపై 1790లో బొమ్మ వ్రాయుట ఎవరికిని సాధ్యము కాదు. రంగును పరీక్షించుట మఱొక దారి. ఆకాలపు ఆంగ్లేయ చిత్రకారులు ఆకాశమునకును, దూరపు కొండలకును నీలిమందును వాడుచుండిరి. మన తెలుగు మండలములలోను ఒకప్పుడు విస్తారముగా పండిన నీలియే యది. నీలిమందు వెలుతురు తగిలిన కొలది వెలవెలబోవును. ఈ సంగతిని రసెల్, ఆబ్నీ యను ఇరువురు శాస్త్రజ్ఞులు పరీక్షలు చేసి 1888లో ప్రభుత్వమునకు నివేదించిరి. గోడకు వ్రేలాడిన చిత్తరువులో నీలము పోయి ఎఱుపు మిగులును. పెట్టెలో దాచిన చిత్తరువులో నీలము నిలిచియుండును. కావున రెండు చిత్తరువుల రంగు వేఱుగా నున్నంత మాత్రమున చేతులు వేఱని తీర్పు చెప్పరాదు. ఒకటి యెండలోను, ఒకటి నీడలోను బ్రతికి యుండవచ్చును.

ఈ మూడు ప్రమాణములును కూడివచ్చిన పిమ్మటనే పేరులు మాఱినవి. లండనులోని టేటు చిత్రశాల యిప్పుడు ఇట్టి చిత్తరువులను టర్నరు, గర్టిను ఇద్దఱి పేరను, కోజెన్సును అనుసరించి వ్రాసినవిగా నమోదు చేయుచున్నది. 2022లో వెలువడిన గర్టిను చిత్రముల బృహత్పట్టికయు అట్లే చేసినది. అయితే పరీక్షకులు మఱొక జాగ్రత్తయు చూపుచున్నారు. మన్రో యింటికి వచ్చిన యువకులు ఈ యిద్దఱే కారు. ఆ పిమ్మటి సంవత్సరములలో కాట్మను వంటి మఱికొందఱును వచ్చిరి. మన్రోయు స్వయముగా బొమ్మలు వేసెడివాడు. నిన్న అన్నిటిని టర్నరునకు కట్టబెట్టిన తొందరయే, నేడు అన్నిటిని గర్టినునకు కట్టబెట్టుటలోను ఉండవచ్చును. కావున సందేహమున్నచోట సందేహమనియే వ్రాయుచున్నారు. ఒక యన్యాయమును దిద్దబోయి మఱొక యన్యాయము చేయరాదు.

ఇచట ఒక ఆక్షేపణ వచ్చును. "బొమ్మ అందముగా నున్నది. ఎవరు వ్రాసిననేమి? మామిడిపండు తినువానికి చెట్టు నాటినవాని పేరెందుకు?" అని కొందఱందురు. ఈ మాట పైకి ఉదారముగా తోచును. అయినను పేరుతో లోకము చేయు వ్యాపారము వారు మఱచిరి. టర్నరు వ్రాసిన "నీలి రిగి" అను సరస్సు చిత్తరువు, ఇదియు నీటిరంగులదే, 2006లో లండను వేలమున 58 లక్షల పౌండ్లకు పోయినది. పేరునకు అంత వెల యున్న లోకములో, పేరు తొలగిన వానికి కలుగు నష్టము మాటలలోనిది కాదు. 27 ఏండ్లకే మరణించిన గర్టినునకు సంతానమునకు మిగిల్చిన భూములు లేవు, మేడలు లేవు. ఆతని యాస్తి ఆతని రేఖయే. దానిని మఱొకని పేర వ్రాసిన ఆతనికి మిగులునదేమి? సొమ్మొకడిది, సోకొకడిది యని మన పెద్దలు ఊరక అనలేదు.

అందమును గుఱించియు ఒక మాట. పేరు మాఱుటచే ఆ సరస్సు చిన్నది కాలేదు. ఒకని యద్భుతముగా చూచినదానిని ఇపుడు ముగ్గురి కూడికగా చూచుచున్నాము. మతి చలించి ఆసుపత్రిలో నున్నవాని కన్నును, త్వరలో మరణింపనున్నవాని రేఖయు, చిరకాలము వర్ధిల్లనున్నవాని పూతయు ఒక్క కాగితముపై కలిసినవని తెలిసినచో ఆ చిత్తరువు వెల మన మనస్సున పెరుగునే గాని తరుగదు.

ఈ కథ యొక్క నీడ మన దేశమునను పడినది. టర్నరు భారతదేశమునకు ఎన్నడును రాలేదు. అయినను ఆతడు హిమాలయ పర్వతముల చిత్తరువులు వ్రాసెను. లెఫ్టినెంటు జార్జి వైటు అను సైనికోద్యోగి ఆ కొండలలో తిరిగి గీసికొనిన బొమ్మల ననుసరించి టర్నరును ఇతరులును చిత్తరువులు తీర్పగా, అవి 1836 మొదలు గ్రంథముగా వెలువడినవి. నడచిన కాలు ఒకరిది, పేరొందిన కుంచె మఱొకరిది. ఆ గ్రంథము వైటు పేరును దాచలేదు, అది మెచ్చదగినది.

మన తెలుగుసీమకు వచ్చినచో కర్నల్ కాలిన్ మెకంజీ కథ కలదు. 1783లో ఆతడు మద్రాసునకు వచ్చెను, 1815లో భారతదేశమున కంతటికి మొదటి సర్వేయరు జనరలాయెను, 1821లో మరణించెను. ఆతడు కూర్చిన కైఫీయతులు మన గ్రామచరిత్రలకు నేటికిని ఆధారము. వానితో పాటు కొండలు, కోటలు, దేవాలయములు, శిల్పములు చూపు నీటిరంగుల చిత్తరువులును, రేఖాచిత్రములును వేలకొలది సేకరింపబడినవి. అమరావతి స్తూపపు శిల్పములను 1816 మొదలు ఆతని పరివారము చిత్రించినది. ఆ పిమ్మట కొన్ని రాళ్లు నశించినవి. నేడు వానికి ఆ చిత్తరువులే సాక్షులు. ఇవన్నియు "మెకంజీ చిత్తరువు"లని పిలువబడుచున్నవి. కాని మెకంజీ ఒక్కడు వానిని వ్రాసెనా? లేదు. ఆతని క్రింద పనిచేసిన లేఖకులు, సర్వే శాఖలోని యువకులు అనేకులు వానిని వ్రాసిరి. కొన్నిటిమీద వారి పేరులున్నవి. అనేకముల మీద లేవు.

గ్రంథసేకరణలో మాత్రము మన తెలుగువారి పేరులు నిలిచినవి. ఏలూరికి చెందిన కావలి వెంకట బొర్రయ్య శాసనములు చదువుటలోను, స్థలచరిత్రలు కూర్చుటలోను మెకంజీకి కుడిభుజమై, 1803లో చిన్నవయస్సుననే మరణించెను. ఆతని తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని సాగించెను. మఱొక సోదరుడు రామస్వామి దక్కను కవుల చరిత్రను ఇంగ్లీషున వ్రాసి 1829లో ప్రకటించెను. మెకంజీయే వీరి సేవను తన లేఖలలో మెచ్చికొనుట వలన వీరి పేరులు మనకు దక్కినవి. యజమాని ఒక్క మాట వ్రాసిన సేవకుని పేరు రెండు వందల ఏండ్లు నిలుచును. వ్రాయకున్న ఆతని తరముతోనే మట్టిలో కలియును.

చిత్రకళలోను మనకు గర్టిను వంటివాడొకడు కలడు. రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు 1897లో జన్మించి 1925లో, 28 ఏండ్లు నిండకమునుపే, మరణించెను. ప్రభుత్వ కళాశాలాధ్యక్షుడైన ఆస్వాల్డు కూల్డ్రే దొర ఆతని ప్రతిభను గుర్తించి ప్రోత్సహించెను. కూల్డ్రేయు నీటిరంగులలో చేయితిరిగినవాడు. మన భద్రాద్రి పాదములు కడిగి పోయిన గోదావరినే దిగువ తీరమున రామారావు తన చిత్తరువులలో నిలిపెను. గురువు దొర, శిష్యుడు తెలుగువాడు, కాలము పరాధీనకాలము. ఆ చిత్తరువులు చెల్లాచెదరై యుండినచో, వానిలో కొన్ని నేడు ఏ దొరగారి పేరనో చలామణి యగుచుండెడివేమో! అట్లు జరుగకుండుటకు కారణము మిత్రులును, కుటుంబమువారును వానిని ఒక్కచోట కాపాడుట. వరదా వెంకటరత్నముగారు మొదలగువారు పూనుకొనగా రాజమహేంద్రవరమున ఆతని పేర చిత్రశాల నిలిచినది. ఆతని భార్య సత్యవాణిగారు, సోదరి బుచ్చికృష్ణమ్మగారు గూడ చిత్రకారిణులే. వారి పేరులును మఱుగుపడలేదు. గర్టినునకు లేని భాగ్యము రామారావునకు కలిగినది.

ఇక మన అడవిలోనికి వత్తము. కోయసోదరుల ఇలవేల్పులకు పడిగెలు కలవు. అవి గుడ్డమీద బొమ్మలు తీర్చిన జెండాలు. వంశకర్తలు, వేల్పులు, జంతువులు అందు కనబడుదురు. డోలి వాయించు గాయకుడు ఆ పడిగెను చూపుచు వంశచరిత్రను పాడును. మణుగూరు ప్రాంతపు డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యగారికి ప్రభుత్వము 2022లో పద్మశ్రీ నిచ్చి ఈ విద్యను గౌరవించినది. పడిగె యొక చిత్తరువు. పాట దాని క్రింది పేరు. పాట తెలిసినవాడు పోయి పడిగె మాత్రము మిగిలినచో, అది ఎవరి వంశముదో, ఎవరి వేల్పుదో చెప్పువారుండరు. పట్టణపు గాజు బీరువాలో "కోయ జెండా" యని రెండు ముక్కలు వ్రాసి పెట్టెదరు. లండనులో సరస్సు చిత్తరువునకు మూడు పేరులు తిరిగి వచ్చినవి. ఫారింగ్‌టను ఒక రాత్రి దినచర్య వ్రాసి నిదురించుటయే అందుకు మూలము. మన పడిగెకు దినచర్య వ్రాయువారెవరు?

కావున పెద్దలైన మీకు నా విన్నపము స్వల్పమైనది. మీ యింట గోడమీది పటమును, పెట్టెలోని పుస్తకమును, దేవళములోని శిల్పమును, ఊరి పడిగెను ఒకసారి దింపి చూడుడు. దానిని ఎవరు చేసిరో, ఎవరు చేయించిరో, ఎవరి చేతినుండి మీకు వచ్చెనో మీకు తెలిసినంత వ్రాసి తేదీ వేయుడు. ప్రతి తీసినచో ప్రతి యని వ్రాయుడు. విన్నమాటను విన్నమాట యనియు, చూచినదానిని చూచినదనియు వేఱుగా వ్రాయుడు. తెలియనిచోట గొప్పపేరును తెచ్చి అతికింపక, ఖాళీ వదలుడు. ఖాళీగా వదలిన చోటును రేపటివాడు సత్యముతో నింపగలడు; గొప్పపేరుతో కప్పిన చోటును విప్పుటకు నూఱేండ్లు పట్టును. చదువు వచ్చిన మనుమడో మనుమరాలో ఇంటనున్న, ఆ పని వారిచేత చేయింపుడు. చెప్పుట మీది, వ్రాయుట వారిది. వ్రాసినవారి పేరును క్రింద చేర్చుట మాత్రము మఱువకుడు.